పాత ఎగ్జీని బ్రౌజర్లోకి ఎక్కించా, బాబాయ్ ఇంకా తిడుతూనే ఉన్నాడు

మా బాబాయ్‌కి అరండల్‌పేటలో డీటీపీ షాపు ఉంది, వెనకాల చిన్న ఆఫ్‌సెట్ మిషన్ కూడా. పెళ్లి కార్డులు, పాంప్లెట్లు ఏడాది పొడుగునా ఉంటాయి గానీ అసలు సందడంతా మిర్చి సీజన్‌లోనే, యార్డులో కమీషన్ షాపుల బిల్ బుక్కులు, కోల్డ్ స్టోరేజీ వాళ్ల రసీదు పుస్తకాలు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఇప్పుడు మేటర్ ఎవరూ కాగితం మీద రాసివ్వట్లా, వాట్సాప్‌లో కొట్టి పంపుతున్నారు, అది యూనికోడ్ తెలుగు, అంటే ఏ సిస్టంలోనైనా ఒక్కో అక్షరానికి ఒకటే నంబరు ఉండే పద్ధతి. షాపులో పేజీలు పేర్చడానికి ఉన్నదేమో పేజ్‌మేకర్ 7, 2001లో వచ్చిన వెర్షన్, దానికి యూనికోడ్ అంటే ఏంటో తెలీదు, "అను" అనే పేరున్న పాత తెలుగు ఫాంట్లే తెలుసు. వాట్సాప్ మేటర్ కాపీ కొట్టి అందులో పేస్ట్ చేస్తే వరసాగ్గా ప్రశ్నార్థకాలు వచ్చి కూర్చుంటాయి.

ఈ బాధ అప్పట్లో మెయిల్లో వచ్చే మేటర్‌తో కూడా ఉండేది, అందుకే 2011లో నేను సి ప్లస్ ప్లస్‌లో యూనికోడ్ తెలుగుని అను ఫాంట్లోకి మార్చే ఒక కన్వర్టర్ రాసిచ్చా. వినడానికి చిన్న పనే, అక్షరానికి బదులు అక్షరం పెట్టడమే గదా అనిపిస్తది, కాదు. యూనికోడ్‌లో అక్షరాలు పలికే వరసలో ఉంటాయి, క తర్వాత పొల్లు, పొల్లు తర్వాత ష. పాత ఫాంట్‌లో కళ్లకి కనపడే ముక్కల వరసలో ఉంటాయి, తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క, ఐత్వం కింద తోక ఇంకో ముక్క. ఒకదాన్నించి ఇంకోదానికి మార్చాలంటే అటూ ఇటూ జరపాలి, ఏ వత్తు ఏ అక్షరం కిందకి ఎంత లోపలికి రావాలో చూడాలి. బాబాయ్ ప్రూఫ్ చూసి తిట్టినప్పుడల్లా ఒక రూలు చేరుస్తా చేరుస్తా పోయా, అట్లా నాలుగు వేల లైన్లు అయ్యింది. ఈ లైన్లని తిరగరాయమంటే నాకు బద్ధకం కంటే భయం ఎక్కువ, ఎందుకంటే సగం రూళ్లు ఎందుకు పెట్టానో నాకే గుర్తులేదు.

మొన్న బాబాయ్ ఫోన్ చేసి, "ఏరా, ఆ సాఫ్ట్‌వేరు ఒక్క పాత సిస్టంలోనే ఉంది, కుర్రాడి లాప్‌టాప్‌లో ఎక్కట్లా, నా ఫోన్లోనూ లేదు, దాన్ని నెట్‌లో పెట్టెయ్యి, లింకు నొక్కితే వచ్చేస్తది గదా" అన్నాడు. ఆయన ఉద్దేశంలో ఎగ్జీ ఫైల్‌ని, అంటే విండోస్‌లో నడిచే ప్రోగ్రాం ఫైల్‌ని, ఎక్కడో అప్‌లోడ్ చేస్తే బ్రౌజర్లో అదే రన్ అయిపోద్ది. "అట్లా కుదరదు బాబాయ్" అంటే "మరి ఫోటోషాప్ బ్రౌజర్లో వచ్చిందంట, టీవీలో చూపిచ్చారు, వాళ్లకెట్లా కుదిరింది" అని అడిగాడు. నిజమే, మంచి ప్రశ్న. ఫోటోషాప్, ఆటోక్యాడ్, ఫిగ్మా ఇవన్నీ సి ప్లస్ ప్లస్ కోడే, బ్రౌజర్లో నడుస్తున్నాయి. కాకపోతే ఎగ్జీగా నడవట్లా. ఫోన్లో చెప్పడం మొదలుపెట్టా, రెండో నిమిషానికి "సరే సరే, ఎప్పటికి అయిద్ది" అన్నాడు. అందుకని ఆయనకి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

అసలు ఈ పని నేను ఒకసారి ముందే చేసి దెబ్బతిన్నా, 2014లో. అప్పుడు గూగుల్ వాళ్లది నేటివ్ క్లయింట్ అని ఒకటుండేది, 2008 డిసెంబర్‌లో బయటపెట్టారు. దాని పొట్టి పేరు ఎన్ఏసీఎల్, అంటే సోడియం క్లోరైడ్, ఉప్పు. దానికి బ్రౌజర్‌తో మాట్లాడటానికి పెట్టిన ఏపీఐ పేరు పెప్పర్, మిరియాలు. ఉప్పూ మిరియాలూ పెట్టుకున్నారు, మిర్చి మాత్రం మర్చిపోయారు, గుంటూరోళ్లని ఎవరూ అడగలేదు మరి. దాని ఐడియా మాత్రం గట్టిది, ప్రాసెసర్‌కి నేరుగా అర్థమయ్యే మిషన్ కోడ్‌నే బ్రౌజర్ తీసుకుంటది, కాకపోతే రన్ చేసే ముందు ఒక వ్యాలిడేటర్ దాన్ని మొత్తం చదువుద్ది. కోడ్‌ని 32 బైట్ల కట్టలుగా పేర్చాలి, ఏ ఇన్‌స్ట్రక్షనూ రెండు కట్టల మధ్యన అడ్డంగా పడకూడదు, లెక్కేసి దూకే జంప్‌లన్నీ కట్ట మొదట్లోకే దూకాలి. ఎందుకంటే ఇన్‌స్ట్రక్షన్ మధ్యలోకి దూకితే అవే బైట్లకి వేరే అర్థం వచ్చిద్ది, అక్కడే దొంగతనం దాక్కుంటది. యార్డు గేటు దగ్గర లారీ ఆపి ప్రతి టిక్కీ, అంటే మిర్చి బస్తా, దించి చూసినట్టు అనుకోండి.

ఆ రోజుల్లో అప్లికేషన్ నిర్మాణం ఇట్లా ఉండేది, ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ, అందులో ఒక ఎంబెడ్ ట్యాగ్, ఆ ట్యాగ్ ఒక మానిఫెస్ట్ ఫైల్‌ని చూపిస్తది, ఆ మానిఫెస్ట్‌లో ఇంటెల్ 32 బిట్ అయితే ఈ ఫైల్, 64 బిట్ అయితే ఆ ఫైల్, ఆర్మ్ అయితే ఇంకోటి అని రాసుంటది. ఒక్కో ప్రాసెసర్‌కి ఒక్కో ఫైల్ అన్నమాట. తర్వాత 2013 చివర్లో క్రోమ్ 31తో పీనాకిల్ అని వచ్చింది, అందులో ఒకటే ఫైల్, ఎల్ఎల్‌వీఎం బిట్‌కోడ్ అనే మధ్యరకం కోడ్, దాన్ని మీ సిస్టంలోనే బ్రౌజర్ మిషన్ కోడ్‌గా మార్చుకుంటది. మాడ్యూల్‌కీ, అంటే మన కోడ్‌కీ, పేజీని నడిపే జావాస్క్రిప్ట్‌కీ మధ్యన పోస్ట్‌మెసేజ్ తప్ప ఇంకో దారి లేదు, ఉత్తరం రాసి పంపడం, జవాబు కోసం ఎదురు చూడటం. నేను పీనాకిల్‌తో కన్వర్టర్ చేసి తీసుకెళ్తే షాపులో ఉన్నది ఫైర్‌ఫాక్స్. పెప్పర్ మాకొద్దు అని ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా వాళ్లు ముందే చెప్పేశారు, నేను చదవలేదు. బాబాయ్ ముందర తెల్ల పేజీ చూపించి తలొంచుకుని వచ్చేశా.

గూగుల్ వాళ్లకే అదే దెబ్బ తగిలింది లేండి. 2017లో గూగుల్ ఎర్త్ వెబ్ వెర్షన్ నేటివ్ క్లయింట్ మీద తెచ్చారు, క్రోమ్‌లో మాత్రమే వచ్చేది. అదే ఏడాది మే నెలలో పీనాకిల్‌ని వదిలేస్తున్నాం అని ప్రకటించారు. ఎర్త్‌ని వెబ్‌అసెంబ్లీ అనే కొత్త పద్ధతికి (దాని కథ కిందుంది) మార్చాక 2020లో ఫైర్‌ఫాక్స్‌లో కూడా వచ్చింది. నా లెక్కలో నేటివ్ క్లయింట్ తప్పు టెక్నాలజీలో లేదు, గేటు దగ్గర చెకింగ్ బ్రహ్మాండంగా కట్టారు, కానీ పెప్పర్ అనే పెద్ద ఏపీఐ మొత్తాన్ని మిగతా బ్రౌజర్లు కూడా మోయాలన్నారు, ఎవరు మోస్తారు.

ఇంకోవైపు మొజిల్లాలో అలాన్ జకాయ్ అనే ఆయన ఎంస్క్రిప్టెన్ అని ఒకటి రాస్తా ఉన్నాడు, సి ప్లస్ ప్లస్‌ని ఏకంగా జావాస్క్రిప్ట్‌గా మార్చే కంపైలర్. 2013లో దాన్నించే ఏఎస్ఎం డాట్ జేఎస్ వచ్చింది. చూడటానికి దరిద్రంగా ఉంటది, ప్రతి లెక్క చివరా నిలువు గీత, సున్నా, అంటే ఇది పూర్ణాంకం సుమా అని బ్రౌజర్‌కి సైగ. ఆ సైగ అర్థమైన బ్రౌజర్ స్పీడుగా నడుపుద్ది, అర్థం కానిది మామూలు జావాస్క్రిప్ట్ అనుకుని నెమ్మదిగా నడుపుద్ది, ఎటైనా నడుస్తది గదా, అక్కడ గెలిచింది. ఈ రెండు కథలూ కలిసిందే వెబ్‌అసెంబ్లీ, పొట్టిగా వాజమ్, ఏ బ్రౌజరైనా నడపగలిగే బైనరీ కోడ్, 2015లో ప్రకటించారు, 2017 నవంబర్‌కల్లా నాలుగు పెద్ద బ్రౌజర్లలోనూ ఉంది, 2019 డిసెంబర్‌లో వెబ్ రూళ్లు రాసే డబ్ల్యూ3సీ వాళ్ల స్టాండర్డ్ అయ్యింది.

సరే, ఇప్పటి నిర్మాణం. ఎంస్క్రిప్టెన్‌తో కంపైల్ చేస్తే మీకు ఎగ్జీ రాదు, రెండు ఫైళ్లు వస్తాయి, ఒకటి వాజమ్ ఫైల్, ఇంకోటి జావాస్క్రిప్ట్ ఫైల్, దీన్నే గ్లూ అంటారు, జిగురు. కావాలంటే హెచ్‌టీఎంఎల్ కూడా అదే ఇస్తది, నేను సొంతంగా రాసుకున్నా. వాజమ్ ఫైల్‌ని తెరిచి చూస్తే మొదటి నాలుగు బైట్లు ఒక సున్నా, ఆ పక్కన ఎ, ఎస్, ఎం అక్షరాలు, తర్వాత నాలుగు బైట్లు వెర్షన్ నంబర్. ఆ తర్వాత సెక్షన్లు, ఫంక్షన్ల టైపులు ఏంటి, బయటినుంచి నాకేం కావాలి, నేను బయటికి ఏమిస్తాను, మెమరీ ఎంత, అసలు కోడ్, స్టాటిక్ డేటా, అట్లా. ఇందులో ఏ ప్రాసెసర్ పేరూ లేదు. బ్రౌజర్ దీన్ని చదివేటప్పుడే టైపులన్నీ సరిపోయినయ్యా లేదా చూసుకుంటది, ఒక్కసారి పైనుంచి కిందకి చదివితే చెకింగ్ అయిపోయేట్టు డిజైన్ చేశారు, గోటూ అనేది లేనే లేదు, బ్లాకులు, లూపులు, వాటి లోపల్నించి బయటికి పోవడం, అంతే. డౌన్‌లోడ్ అవుతా ఉండగానే కంపైల్ మొదలుపెట్టేస్తది.

ఇక్కడ అందరూ పొరబడే సంగతొకటి ఉంది, నేనూ పడ్డా. వాజమ్ కోడ్ సొంతంగా ఏమీ చెయ్యలేదు. స్క్రీన్ మీద ఒక అక్షరం రాయలేదు, ఫైల్ తెరవలేదు, టైం ఎంతయ్యిందో కూడా తెలుసుకోలేదు. లెక్కలు మాత్రం చేసిద్ది. మిగతాదంతా ఇంపోర్ట్ రూపంలో జావాస్క్రిప్ట్ ఇవ్వాల్సిందే, ఇచ్చిందే ఉంటది, ఇవ్వనిది లేదు. మన సి ప్లస్ ప్లస్‌లో ప్రింట్ఎఫ్ రాస్తే అది చుట్టూ తిరిగి జిగురు ఫైల్లో ఉన్న ఒక జావాస్క్రిప్ట్ ఫంక్షన్ దగ్గరికి పోయి కన్సోల్‌లో పడుద్ది. ఎఫ్ఓపెన్ కొడితే నిజం ఫైల్ కాదు, మెమరీలోనే పుట్టించిన ఉత్తుత్తి ఫైల్ సిస్టం, ట్యాబ్ మూస్తే పోద్ది. నా మ్యాపింగ్ టేబుల్ ఒక టెక్స్ట్ ఫైల్లో ఉండేది, దాన్ని కంపైల్ చేసేటప్పుడే లోపల కుక్కేశా, పాత కోడ్‌కి తేడా తెలీలా, నిజం డిస్క్ అనుకునే చదువుకుంటంది పాపం.

కిటికీలు, బటన్లు ఉన్న కోడ్ మాత్రం మొత్తం తీసి పారేశా. అది విండోస్ డయలాగ్ బాక్సుల కోడ్, ఎంస్క్రిప్టెన్ దాన్ని చూడను కూడా చూడదు. బొమ్మలు గీయడానికి ఎస్‌డీఎల్, ఓపెన్‌జీఎల్‌ లైబ్రరీలతో రాసిన గేములైతే ఆ బొమ్మల కోడ్‌తో సహా వచ్చేస్తాయి, ఓపెన్‌జీఎల్ పిలుపుల్ని బ్రౌజర్లో ఉండే వెబ్‌జీఎల్‌కి మళ్లిస్తది. నాకెందుకా గోల, హెచ్‌టీఎంఎల్‌లో రెండు టెక్స్ట్ పెట్టెలు పెడితే అయిపోద్ది. పైగా తెలుగు వాళ్లకి ఇందులో లాభం ఉంది, పెట్టెలో తెలుగు వత్తులతో సహా సరిగ్గా కనిపించే పని బ్రౌజరే చూసుకుంటది. అదే ఫిగ్మా లాగా కాన్వాస్ మీద మొత్తం మనమే గీసుకుంటే వత్తు ఎక్కడ పడాలో కూడా మనమే చూసుకోవాలి, దానికి అక్షరాల ముక్కల్ని పేర్చే హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీని కూడా వాజమ్‌గా కంపైల్ చేసి మోసుకెళ్లాలి. పెళ్లి కార్డు కన్వర్టర్‌కి అంత సీన్ లేదు.

లూపు గురించి కూడా చెప్పాలి. పాత ప్రోగ్రాములన్నీ మెయిన్ ఫంక్షన్‌లో ఒక వైల్ లూపు పెట్టుకుని, యూజర్ ఏదన్నా నొక్కేదాకా అందులోనే తిరుగుతా ఉంటాయి. బ్రౌజర్లో అట్లా తిరిగితే ట్యాబ్ బిగుసుకుపోద్ది, ఎందుకంటే పేజీ గీయడం, క్లిక్కులు వినడం, మన కోడ్ నడపడం అన్నీ ఒకటే థ్రెడ్, అంటే ఒకడే పనోడు. మన ఫంక్షన్ తిరిగి రావాలి, వస్తేనే మిగతా వాళ్లకి ఛాన్స్. గేముల వాళ్లు ఒక్కో ఫ్రేముకి ఒకసారి పిలిచే పద్ధతికి మార్చుకుంటారు, లేదా మొత్తాన్ని వెనకాల విడిగా నడిచే వెబ్ వర్కర్‌లోకి తోస్తారు. నిజం థ్రెడ్లు కూడా ఉన్నాయి గానీ వాటికి షేర్డ్ మెమరీ కావాలి, 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ల లోపం బయటపడ్డాక దాన్ని మూసేసి, తర్వాత సర్వర్ రెండు ప్రత్యేకమైన హెడర్లు పంపితేనే ఇస్తాం అన్నారు. నాకు అవసరం పడలా, ఒక పుస్తకం మొత్తం వర్కర్‌లో పెట్టి మారిస్తే చాలు.

ఇప్పుడు అసలు సంగతి, మెమరీ. నా టైం మొత్తం తిన్నది ఇదే.

మా గుంటూరు బ్రాడీపేటలో అడ్రస్ అంటే రెండు అంకెలు, 4/14 అంటే నాలుగో లైను పద్నాలుగో అడ్డరోడ్డు, వీధి పేర్లతో పనిలేదు, కొత్తోడు కూడా వెతుక్కుంటా వెళ్లిపోతాడు. వాజమ్ మెమరీ అంటే ఒకటే లైను ఉన్న బ్రాడీపేట అనుకోండి, సున్నా నించి మొదలుపెట్టి బైట్లన్నీ వరసాగ్గా, అడ్రస్ అంటే ఒక్క నంబరు. సి ప్లస్ ప్లస్‌లో పాయింటర్ అని మనం గౌరవంగా పిలిచేది జావాస్క్రిప్ట్ వైపు నుంచి చూస్తే వట్టి అంకె. ఆ లైను మొత్తం జావాస్క్రిప్ట్‌కి ఒక అరే బఫర్ లాగా కనిపిస్తది, ఎక్కడ కావాలంటే అక్కడ చదవొచ్చు, రాయొచ్చు. కోడ్ వైపు నుంచి మాత్రం ఆ లైను దాటి బయటికి పోవడానికి దారి లేదు, హద్దు దాటితే ట్రాప్, అక్కడికక్కడ ఆగిపోద్ది. ఫంక్షన్ల రిటర్న్ అడ్రసులు అసలు ఈ లైనులోనే ఉండవు, వేరే చోట బ్రౌజర్ దాచుకుంటది, కాబట్టి బఫర్ పొంగించి కోడ్‌ని దారి మళ్లించే పాత ట్రిక్కు పనిచెయ్యదు. లోపల లోపల మాత్రం మన డేటాని మనమే పాడుచేసుకోవచ్చు, దానికి ఎవరూ అడ్డురారు.

ఒక తమాషా ఏంటంటే సున్నా నంబర్ ఇల్లు కూడా నిజం ఇల్లే. విండోస్‌లో నల్ పాయింటర్, అంటే ఏ ఇంటికీ చెందని సున్నా అడ్రస్, ముట్టుకుంటే ప్రోగ్రాం ఠపీమని చచ్చిపోయేది, ఇక్కడ సున్నా అడ్రస్‌లో ఏదుంటే అది ఇచ్చేస్తది, ఏమీ అనదు. నా పాత కోడ్‌లో ఒక నల్ చెక్ లేదని పదేళ్ల తర్వాత ఇట్లా తెలిసింది, కొన్ని పదాల చివర చెత్త అక్షరం వచ్చేది, క్రాష్ అయితే గంటలో దొరికేది, కాలేదు కాబట్టి రెండు రోజులు పట్టింది.

సరే, ఆ లైనులోకి తెలుగు మాట ఎట్లా పంపాలి? మన సి ప్లస్ ప్లస్ నుంచి పుట్టిన వాజమ్ ఫంక్షన్‌కి అంకెలే ఇవ్వగలం, 32 బిట్, 64 బిట్ పూర్ణాంకాలు, దశాంశాలు, అంతే, స్ట్రింగ్, అంటే అక్షరాల వరస, అనేది దానికి తెలీదు. అందుకని ముందు లోపల మాలాక్‌ని పిలిచి ఇంత చోటివ్వు అని అడగాలి, అది ఇంటి నంబర్ ఇస్తది, ఆ నంబర్ దగ్గర మనం యూటీఎఫ్-8 బైట్లు (యూనికోడ్‌ని బైట్లుగా రాసే పద్ధతి) రాయాలి, అప్పుడు కన్వర్ట్ ఫంక్షన్‌కి ఆ నంబర్ ఇవ్వాలి, అది జవాబు ఉన్న ఇంకో ఇంటి నంబర్ ఇస్తది, అక్కడినించి చదువుకుని, అయ్యాక రెండిళ్లూ ఫ్రీ చేసి తాళాలు ఇచ్చేయాలి. నేను చోటు అడిగేటప్పుడు జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగ్ లెంగ్త్ ఎంతో చూసి దానికి ఒకటి కలిపి అడిగా, ఆ ఒకటి చివర సున్నా బైట్ కోసం. ఇంగ్లీషులో టెస్ట్ చేశా, సూపర్. తర్వాత గుంటూరు అని కొట్టా. అవతల పెట్టెలో "గు" ఒక్కటే వచ్చింది.

లెక్కేసుకుంటే అర్థమైంది. గుంటూరు అనే మాటలో గ, కొమ్ము, సున్నా, ట, దీర్ఘం, ర, కొమ్ము, మొత్తం ఏడు, జావాస్క్రిప్ట్ కూడా ఏడే అంటది. కానీ యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు, అంటే 21 బైట్లు. నేనిచ్చింది ఎనిమిది. చివర సున్నాకి ఒకటి పోతే ఏడు, అందులో మూడు బైట్ల వాళ్లు ఇద్దరే పడతారు, గ, దాని కొమ్ము. ఎంస్క్రిప్టెన్ ఫంక్షన్ మంచిది కాబట్టి ఇచ్చిన చోటు వరకే రాసి ఆపేసింది, అదే నేను సొంతంగా రాసుంటే పక్కింట్లోకి పోయి కూర్చునేది. ఇంగ్లీష్ అక్షరానికి ఒకటే బైట్ కాబట్టి ఇంగ్లీష్ టెస్టులో ఈ తప్పు జన్మలో దొరకదు. తెలుగు వాళ్లెవరన్నా ఈ పని చేస్తుంటే మొదటి టెస్ట్ తెలుగులోనే పెట్టుకోండి, అదీ వత్తులున్న పదంతో.

ఇంకోటి జవాబు చదివేటప్పుడు. పాత ఫాంట్ కోడ్ అంటే యూనికోడ్ కాదు, ఒక్కో ముక్కకి ఒక బైట్, 128 పైన ఉన్న అంకెలు కూడా బోలెడు వాడతారు. నేనేమో అలవాటు కొద్దీ యూటీఎఫ్-8 స్ట్రింగ్ లాగా చదివేశా, ఆ బైట్లు యూటీఎఫ్-8 రూళ్లకి పడవు, జవాబు మొత్తం కంగాళీ. మళ్లీ బైట్లని బైట్లుగానే తీసుకుని, విండోస్-1252, అంటే బైట్‌కో గుర్తు ఉండే పాత విండోస్ పట్టిక, అని చెప్పి డీకోడ్ చేస్తే అప్పుడు క్లిప్‌బోర్డులోకి సరైన గుర్తులు పోయినయ్, పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేసి ఫాంట్ మారిస్తే తెలుగు కనపడింది. ఆ క్షణం కుర్చీలోంచి లేచి టీ తాగొచ్చా.

మూడోది అన్నింటికంటే పాపిష్టిది. మెమరీ 64 కేబీ పేజీల లెక్కన ఉంటది, నేను మొదట 16 ఎంబీ పెట్టా, అంటే 256 పేజీలు, చాలకపోతే పెంచుకో అని ఆప్షన్ కూడా ఇచ్చా. చిన్న చిన్న మేటర్లన్నీ బాగానే పోతున్నాయి. ఒకాయన గుడి సావనీర్ మేటర్ పంపాడు, పెద్దది, కన్వర్ట్ నొక్కితే ఖాళీ పెట్టె. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. విషయం ఏంటంటే మెమరీ పెరిగినప్పుడు జావాస్క్రిప్ట్ దగ్గరున్న పాత బఫర్ చెల్లదు, దాని సైజు సున్నా అయిపోద్ది, కొత్త బఫర్ తీసుకోవాలి. జిగురు ఫైల్ తన కాపీని అప్‌డేట్ చేసుకుంటది గానీ నేను తెలివిగా స్పీడు కోసమని దాన్ని ముందే ఒక వేరియబుల్‌లో దాచుకున్నా. కన్వర్ట్ ఫంక్షన్ లోపల మెమరీ పెరిగింది, నా చేతిలో ఉన్నది పాత ఊరి మ్యాపు, ఆ ఊళ్లో ఇప్పుడు ఒక్క ఇల్లూ లేదు. పిలిచిన ప్రతిసారీ కొత్తగా తీసుకో అని ఒక్క లైను మార్చా, అయిపోయింది. ఒక్క లైనుకి శనివారం, ఆదివారం రెండూ పోయినయ్.

చూశారుగా, వీటిల్లో ఏదీ కన్వర్టర్ లాజిక్‌లో తప్పు కాదు, ఆ నల్ చెక్ తప్ప. నాలుగు వేల లైన్లలో నేను మార్చింది నలభై కూడా ఉండవు. గొడవంతా ఆ లైను అంచున, జావాస్క్రిప్ట్ చెయ్యీ సి ప్లస్ ప్లస్ చెయ్యీ కలిసే చోట. వాజమ్ అంటే స్పీడు స్పీడు అని అందరూ అంటారు గానీ నా మటుకు నాకు స్పీడు ఎవడిక్కావాలి, పాత రూళ్లు చెక్కుచెదరకుండా వచ్చాయి, అదీ లాభం. స్పీడు కోసమే అయితే, చిన్న చిన్న పనులకి అటూ ఇటూ స్ట్రింగులు మొయ్యడంలోనే సగం టైం పోద్ది, జావాస్క్రిప్ట్‌లో రాసుకోవడమే నయం.

చిల్లర తలనొప్పులు ఇంకా ఉన్నాయి. మొదటిసారి కంపైల్ చేశాక నా కన్వర్ట్ ఫంక్షన్ అసలు ఫైల్లోనే లేదు, మెయిన్ నుంచి ఎవరూ పిలవట్లేదు కాబట్టి పనికిరానిది అనుకుని కంపైలర్ తీసి పారేసింది, ఇది బయటోళ్లకి కావాలి తియ్యొద్దు అని గుర్తు పెట్టాలి, దానికి తోడు సి ప్లస్ ప్లస్ పేరుని గుర్తుపట్టలేకుండా మార్చేస్తది కాబట్టి ఎక్స్‌టర్న్ సి అని కూడా రాయాలి. హెచ్‌టీఎంఎల్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిస్తే వాజమ్ లోడ్ కాదు, చిన్నదైనా ఒక సర్వర్ ఉండాలి, పైథాన్‌ది సరిపోద్ది. నేను పెట్టిన హోస్టింగ్ వాళ్లు ఆ ఫైల్‌ని మామూలు బైనరీ అని పంపేవాళ్లు, అప్లికేషన్ స్లాష్ వాజమ్ అనే టైపుతో పంపితేనే డౌన్‌లోడ్ అవుతా అవుతానే కంపైల్ అయ్యే సౌకర్యం, లేకపోతే మొత్తం వచ్చేదాకా ఆగి మొదలుపెడతది, కన్సోల్‌లో పసుపు రంగులో సణుగుద్ది. స్టాక్, అంటే ఫంక్షన్ లోపలి వేరియబుల్స్ ఉండే చోటు, కూడా చూసుకోండి, ఇదివరకు ఎంస్క్రిప్టెన్‌లో 5 ఎంబీ ఉండేది, ఇప్పటి వెర్షన్లలో మనం చెప్పకపోతే 64 కేబీయే, ఫంక్షన్ లోపల పెద్ద అరేలు పెట్టుకునే నాలాంటి పాత పాపులకి అది చాలదు.

మొన్న మంగళవారం షాపుకి వెళ్లి పాత సిస్టంలో తెరిచా. విండోస్ 7, దానికి క్రోమ్ 109 ఆఖరిది, ఆ పైన రాదు, అయినా చక్కగా నడిచింది. బాబాయ్ ఫోన్లో కూడా నడిచింది, అదే ఫైల్, ఇంటెల్ అయినా ఆర్మ్ అయినా. కుర్రాడు ఒక పెళ్లి కార్డు మేటర్ వాట్సాప్ వెబ్‌లోంచి ఎత్తి పెట్టెలో వేసి, మార్చి, పేజ్‌మేకర్‌లో పడేశాడు, "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" వత్తులతో సహా తిన్నగా కూర్చుంది. బాబాయ్ కళ్లజోడు సర్దుకుని చూసి ఏమీ అనలేదు, ఆయన ఏమీ అనలేదంటే బాగున్నట్టే.

తర్వాత, "మన మేటర్ ఎక్కడికన్నా పోతంటదా నెట్‌లో, కస్టమర్లవి గదా" అన్నాడు. "ఎక్కడికీ పోదు బాబాయ్, అంతా ఈ సిస్టంలోనే జరుగుద్ది, కావాలంటే నెట్ వైరు పీకి చూడు" అన్నా. నిజంగానే లేచి వెళ్లి వైరు పీకాడు. ఇంకో మేటర్ వేసి నొక్కాడు, మారింది. మొహంలో కొంచెం నమ్మకం కనపడింది. అంతటితో ఆగొచ్చు గదా, రిఫ్రెష్ నొక్కాడు. "ఏందిరా ఇది, డైనోసార్ వచ్చింది?"

అందుకని ఇప్పుడు సర్వీస్ వర్కర్ రాస్తన్నా, వాజమ్ ఫైల్‌నీ జిగురునీ బ్రౌజర్లోనే దాచిపెడితే నెట్ లేకపోయినా పేజీ తెరుచుకుంటది. ఆదివారంలోపు అయిద్దని చెప్పా, ఏ ఆదివారమో చెప్పలా.